ఎడమ మూత్రపిండ సలహా సముదాయం

ఆ ఏడాది మా జిల్లా వైద్య కళాశాల విద్యార్థులకు సలహాల కొరత ఉన్నట్టు తేలింది. తేల్చినవారు మా ప్రిన్సిపాల్ డాక్టర్ పరాంకుశం నరహరి గారు. ఆయన చెవి, ముక్కు, గొంతు వైద్యులు. వానాకాలం మొదట్లో ఏదో కొండ ప్రాంతంలో జరిగిన రెండు రోజుల సదస్సుకు వెళ్లి, మూడో రోజు ఉదయం వస్తూనే నన్ను పిలిపించారు. నేను కళాశాల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. సర్క్యులర్లు టైపు చేసి అందరికీ పంచడం నా పని.

"ఆచారీ, మన పిల్లలు ఒంటరిగా ఉన్నరయ్యా," అన్నారు.

"మొదటి సంవత్సరంలోనే నూట యాభై మంది ఉన్నారు సార్."

"అదే నేననేది. నూట యాభై మందీ ఒంటరిగా ఉన్నరు."

పెద్ద పెద్ద కళాశాలల్లో విద్యార్థులను చిన్న చిన్న సముదాయాలుగా చేసి, ఒక్కోదానికి ఒక అనుభవజ్ఞుడైన డాక్టరును సలహాదారుగా పెడతారట. పిల్లలు కష్టసుఖాలు చెప్పుకుంటారు, పెద్దవాళ్లు దారి చూపుతారు. మంచి సంగతి. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆ మంచి సంగతిని మా కళాశాలలో నెలకొల్పే బాధ్యత కమ్యూనిటీ మెడిసిన్ విభాగం డాక్టర్ సువర్చల గారికి అప్పగించారు. ఆమె ఏ పని ఇచ్చినా పూర్తిగా చేస్తారు. సగంలో ఆపడం ఆమెకు తెలియదు.

సముదాయాలకు పేర్లు పెట్టడానికి మూడు సమావేశాలు పట్టాయి. నదుల పేర్లు పెడదామంటే ఏ నది ఎవరిదన్న పేచీ వచ్చింది. పువ్వుల పేర్లకు మగపిల్లలు ఒప్పుకోలేదు. చివరికి అవయవాల పేర్లు ఖాయమయ్యాయి. హృదయం, మెదడు, ఊపిరితిత్తులు, కాలేయం అని నాలుగు సముదాయాలు అయ్యాక ఇంకో రెండు కావలసి వచ్చింది. మూత్రపిండాలు ఎలాగూ రెండున్నాయి కనుక కుడి, ఎడమ అని పెట్టారు.

ఎముకల వైద్యులు డాక్టర్ విఠల్ గారు ఆ రోజు ఒక్కసారే నోరు విప్పారు.

"ఎముకలు లేవా?"

"ఎముకలు శరీరానికి ఆధారమే గానీ, సముదాయ స్ఫూర్తికి అనువుగా లేవు డాక్టర్," అని సువర్చల గారు చెప్పి, ఆయనను ఎడమ మూత్రపిండానికి ప్రధాన సలహాదారుగా నియమించారు.

సర్క్యులర్ నేనే టైపు చేశాను. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ప్రతి గురువారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల వరకు విద్యార్థులందరూ తప్పనిసరిగా సలహా పొందవలెను. సలహా పొందని విద్యార్థి హాజరు రద్దగును." గురువారం మధ్యాహ్నం అంతకుముందు అనాటమీ డిసెక్షన్ ఉండేది. దాన్ని మంగళవారానికి మార్చారు. ఆ తర్వాత మంగళవారం కూడా సలహాలు పెట్టారు.

ఎడమ మూత్రపిండంలో పడ్డ ఇరవై ఐదుగురిలో దాసరి ఉదయశ్రీ ఒకతె. వాళ్ల నాన్న ఆర్టీసీలో కండక్టరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్మీడియట్ పుస్తకాలను అట్ట నుంచి అట్ట దాకా కంఠతా పట్టి సీటు తెచ్చుకుంది. ఇక్కడికొచ్చాక అనాటమీ పుస్తకం మూడు సంపుటాలుగా కనిపించింది. దాన్నీ కంఠతా పట్టబోయింది. మొదటి ఇంటర్నల్ పరీక్షలో వందకు పంతొమ్మిది వచ్చాయి. రెండోదాంట్లో యాభై దాటకపోతే ఆ ఏడాది పెద్ద పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

మొదటి గురువారం సలహా సమావేశానికి నేను హాజరు పుస్తకం పట్టుకుని వెళ్లాను. విఠల్ గారి ముందు నలభై రెండు గడుల ఫారం ఉంది. మొదటి గడిలోనే, "విద్యార్థి కళ్లలోకి ఇరవై సెకన్లు ఆత్మీయముగా చూడవలెను" అని ఉంది. ఆయన వాచీ చూసుకుంటూ ఒక్కొక్కరినీ చూస్తున్నారు. ఉదయశ్రీ వంతు వచ్చింది.

"ఎట్లున్నవమ్మా?"

"అనాటమీ అర్థమైతలేదు సార్."

విఠల్ గారు ఫారం మీంచి తలెత్తారు. "ఏం అర్థమైతలేదు?"

"చెయ్యి సార్. భుజం కాడి నుంచి."

ఇరవై రెండేళ్లుగా భుజాలు అతుకుతున్న మనిషి ఆయన. ఆ మాట వినగానే ముఖంలో జీవం వచ్చింది. ఫారం తిరగేసి, వెనక ఖాళీ కాగితం మీద భుజం బొమ్మ గీయడం మొదలుపెట్టారు. "ఇటు చూడు. ఇక్కడ మెడలోంచి ఐదు నరాలు వస్తయి..."

వెనక నిలబడి పర్యవేక్షిస్తున్న సువర్చల గారు మెత్తగా దగ్గారు.

"డాక్టర్, క్షమించాలి. మీరు బోధిస్తున్నారు."

"ఆ అమ్మాయికి తెలియదంట."

"ఇది సలహా సమయం. ఇందులో బోధన ప్రవేశిస్తే సలహా తాలూకు పవిత్రత దెబ్బతింటుంది. విద్యార్థి సమస్యను గుర్తించి, జాబితాలోంచి ఎంపిక చేసి, కంప్యూటరులో మన సలహా పోర్టల్‌లో నమోదు చేయండి."

జాబితాలో వసతి, భోజనం, ఇంటి మీద బెంగ, స్నేహితులతో తగాదా, ఇతరం అని ఐదున్నాయి. చదువు లేదు. విఠల్ గారు చాలాసేపు వెతికి 'ఇతరం' నొక్కారు. 'ఇతరం' అయితే ప్రిన్సిపాల్ ఆమోదం కావాలి. వారం తర్వాత ఆ కాగితం నా బల్ల మీదికి ఆమోదంతో తిరిగొచ్చింది. "విద్యార్థినికి తగు సలహా ఇవ్వవలెను" అని ఆయన పచ్చ ఇంకుతో రాశారు.

ఉదయశ్రీకి తగు సలహా ఇచ్చారు. అనాటమీ అర్థం చేసుకోవాలని.

ఆ తర్వాత ఆ అమ్మాయి తరగతులు మొదలుకాకముందే, ఎనిమిదింటికి డిసెక్షన్ హాలుకు వెళ్లి, ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని టేబులు ముందు నిలబడేది. ఆ వేళకు హాల్లో అటెండరు కనకయ్య ఒక్కడే ఉంటాడు. టేబుళ్లు తుడిచి, దేహాల మీద తడిగుడ్డ సరిచేసి, గిన్నెల్లో నీళ్లు మార్చడం అతని పని. ఇరవై ఏడేళ్లుగా ఆ హాల్లోనే ఉన్నాడు. ప్రొఫెసర్లు మారారు, పుస్తకాలు మారాయి, అతను మారలేదు.

మూడు రోజులు చూశాడట. నాలుగో రోజు దగ్గరికొచ్చి, "బిడ్డా, గా బుక్కు మూసి పక్కన వెట్టు," అన్నాడట. "మోచెయ్యి ఎన్నడన్న తలుపుకు కొట్టుకున్నవా?"

"కొట్టుకున్న."

"ఏడిదాంక జివ్వుమన్నది?"

ఉదయశ్రీ చిటికెన వేలు చూపించింది.

"గదే అల్నార్ నరం. మోచేతి ఎనక గీ బొడిపె కిందికెల్లి పోతది. నీ చెయ్యి మీద వేలు వెట్టి చూస్కో. చూసినవా? ఇప్పుడు గీడ చూడు," అని టేబులు మీదున్న చేతిలో అదే నరాన్ని పట్టకారుతో ఎత్తి చూపించాడు. "రెండూ ఒక్కటే. గిది సచ్చినాయినది, గది నీది. గంతే."

ఈ సంగతంతా తర్వాత ఉదయశ్రీయే చెప్పింది. ఆ రోజు బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, తన చేతిని తానే చాలాసేపు నొక్కి చూసుకుందట. తర్వాతి సోమవారానికి ముగ్గురు వచ్చారు. నెల తిరిగేసరికి పొద్దున ఎనిమిదింటికి కనకయ్య చుట్టూ ఎడమ మూత్రపిండం మొత్తం నిలబడుతోంది. కాలేయం నుంచి కూడా ఇద్దరు దొంగచాటుగా వచ్చేవారు.

ఈలోగా పథకం తన దారిన తాను పెరిగింది. సలహాదారులకు మానసిక భారం ఎక్కువైందని ఒక సర్వేలో బయటపడింది. సర్వే ఫారం నింపడం వల్లే భారమని కొందరు రాశారు గానీ, ఆ గడి జాబితాలో లేనందువల్ల లెక్కకు రాలేదు. సలహాదారులకు కూడా సలహాదారులు ఉండాలని తీర్మానం అయింది. ప్రొఫెసర్లు బుధవారం సలహా పుచ్చుకుని, గురువారం సలహా ఇచ్చేవారు. శుక్రవారం రెండింటికీ నివేదికలు రాసేవారు.

ఒక బుధవారం ఏదో సంతకం కోసం ఎముకల ఓపీకి వెళ్తే డాక్టర్ల కుర్చీలన్నీ ఖాళీ. బెంచీ మీద ఒక ముసలమ్మ, వాచిన మణికట్టుకు తువ్వాలు చుట్టుకుని కూర్చుంది.

"సారు లేడా బిడ్డా?" అని నర్సును అడుగుతోంది.

"సలహాల ఉన్నడవ్వా."

"ఇస్తున్నడా, తీస్కుంటున్నడా?"

"ఇయ్యాల తీస్కుంటడు. రేపు ఇస్తడు."

"మరి నా చెయ్యి?"

"సోమారం రా అవ్వా."

ముసలమ్మ తువ్వాలు సరిచేసుకుంటూ, "గంత పెద్ద డాక్టర్లకు ఏం తెలుస్తలేదని సలహాలిస్తున్నరు?" అంది. నర్సు ఆమె చీటీ మీద సోమవారం అని రాసి చేతిలో పెట్టింది.

అక్టోబరు చివరలో సువర్చల గారు కంగారుగా ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. ఎడమ మూత్రపిండంలో సమస్యలు తగ్గిపోతున్నాయి. ఒక్కో విద్యార్థి నెలకు కనీసం రెండు సమస్యలు నమోదు చేయాలి. మిగిలిన అవయవాలన్నీ లక్ష్యం దాటాయి. ఎడమ మూత్రపిండంలో మాత్రం పిల్లలు "బాగున్నాం" అని రాస్తున్నారు.

"ఇది ఆందోళనకరమైన ధోరణి సార్. సమస్య లేదని చెప్పడం సమస్యను దాచడమే."

విచారిస్తే కారణం తెలిసింది. కనకయ్యకు మెమో ఇవ్వాలని నిర్ణయమైంది. అదీ నేనే టైపు చేశాను. "సలహాదారుగా నమోదు కాకుండా, శిక్షణ పొందకుండా, ఫారం నింపకుండా, విద్యార్థులకు అర్థమగునట్లు వివరించినట్లు మీపై ఆరోపణ. మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను." ఆరోపణకు ఆధారంగా ఏ రోజు ఎంతసేపు వివరించాడో లెక్క తీయించారు. అరవై ఎనిమిది గంటలు. ఆ లెక్కను సువర్చల గారు స్వయంగా పోర్టల్‌లో ఎక్కించారు. విచారణ ముగిసేదాకా డిసెక్షన్ హాలు తొమ్మిదింటికి ముందు తెరవకూడదన్నారు.

మర్నాడు ఉదయశ్రీ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. పరీక్షకు పద్దెనిమిది రోజులుంది.

"నా వల్లనేనా సార్?"

"నీ ఒక్కదాని వల్ల కాదమ్మా."

"నాకేం రాదని రాసిస్త సార్. కనకయ్య మామ నాకేం చెప్పలేదని రాస్త. నాకు మొన్న ఎంత తెల్వదో ఇప్పుడు గూడ అంతే తెల్వదని."

"అట్లా రాసి, పరీక్షలో మార్కులు తెచ్చుకుంటే?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "తెచ్చుకోను సార్," అంది మెల్లగా.

ఇంత సర్వీసులో ఎన్నో కాగితాలు టైపు చేశాను. ఆ మెమో టైపు చేసినందుకు మొదటిసారి సిగ్గనిపించింది. వెళ్లి చదువుకోమని పంపించాను.

విచారణకు వారం ముందు పథకంలో చివరి ఖాళీ బయటపడింది. కళాశాలలో అందరికీ సలహాదారు ఉన్నాడు, ప్రిన్సిపాల్‌కు తప్ప. ఆయన పైన ఇంకెవరూ లేరు. ఎవరినీ వదలరాదని నిబంధన. సువర్చల గారు ఆ పని పోర్టల్‌కు అప్పగించారు. అది ఎవరి హోదా చూడదు. ఎవరికి సలహా బాధ్యత తక్కువగా ఉందో, ఎవరికి సలహా అనుభవం ఎక్కువగా ఉందో చూసి జత కలుపుతుంది. అధికారికంగా కనకయ్యకు బాధ్యత ఏమీ లేదు. అనుభవం చూస్తే అరవై ఎనిమిది గంటలు, కళాశాలలో అందరికన్నా ఎక్కువ. ప్రిన్సిపాల్ గారి సలహాదారు కనకయ్య అని ఉత్తర్వు వెలువడింది. కింద ప్రిన్సిపాల్ గారి సంతకం దానంతటదే పడింది.

"మార్చలేమా?" అని నరహరి గారు అడిగారు.

"మారిస్తే ఇది పక్షపాతమని అర్థం వస్తుంది సార్. పైగా మొదటి సమావేశం వాయిదా వేయరాదు," అన్నారు సువర్చల గారు. ఆమె గొంతులో కూడా ఆ రోజు అంత నమ్మకం లేదు.

మొదటి సమావేశం, కనకయ్య మీద విచారణ ఒకే రోజు, ఒకే గంటకు, ఒకే గదిలో పడ్డాయి. ముందు సలహా, తర్వాత విచారణ అని క్రమం నిర్ణయించారు. మినిట్స్ రాయడానికి నేను కూర్చున్నాను. ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చిన కనకయ్య, కుర్చీ అంచున కూర్చుని ఫారం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"సార్, ఇరవై సెకండ్లు మీ కండ్లల్లకు చూడాల్నంట."

"చూడు."

చూశాడు. ఇరవై దాటి నలభై అయినా చూస్తూనే ఉన్నాడు.

"ఎట్లున్నరు సార్?"

"బాగున్న."

"గట్లనే రాయన్నా?"

ప్రిన్సిపాల్ గారు చూపు తిప్పుకున్నారు. కనకయ్య పెన్ను పక్కన పెట్టాడు. ఆ తర్వాత అడిగింది ఫారంలో లేదు.

"మీరు ఆపరేషన్ చేసి ఎన్ని దినాలైంది సార్?"

"ఏడు నెలలు," అన్నారు నరహరి గారు. తన వేళ్లు తాను చూసుకుంటూ, "ఫైళ్లే సరిపోతున్నయి కనకయ్యా. చేతులు పని మర్చిపోతయేమోనని భయంగ ఉంది," అన్నారు.

ఆ మాట మినిట్స్‌లో రాయాలా వద్దా అని సువర్చల గారి వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"రేపు ఎనిమిదింటికి హాలుకు రాండ్రి సార్," అన్నాడు కనకయ్య. "చెయ్యి, కాలు నేను చెప్పిన గని, పిల్లలకు చెవి లోపలిది సమజైతలేదు. నాకు గూడ చెవి సక్కగ రాదు. మీరైతే చెప్తరు."

సువర్చల గారు ఇటు తిరిగారు. "సార్, అది బోధన అవుతుంది."

నరహరి గారు చాలా రోజుల తర్వాత కొద్దిగా నవ్వారు. "డాక్టర్, సలహాదారు చెప్పింది సలహా అవుతుందా, కాదా?"

ఆమె నిబంధనల పుస్తకం తెరిచారు. "సలహాదారు చెప్పినది సలహా అగును."

"పాటించాల్నా?"

"వారంలోగా పాటించి నివేదిక ఇవ్వవలెను."

"మరి విచారణ?"

ఆమె ఇంకో రెండు పేజీలు తిప్పి, "తన సలహాదారును తాను విచారించరాదు సార్," అని పుస్తకం మూసేశారు. విచారణ వాయిదా పడింది. అది నేటికీ వాయిదాలోనే ఉంది.

మర్నాడు ఎనిమిదింటికే హాలు తెరిపించి, ప్రిన్సిపాల్ గారు ఏప్రన్ వేసుకుని డిసెక్షన్ హాల్లో ఉన్నారు. మొదటి పది నిమిషాలు పట్టకారుకు పట్టు దొరకలేదని, తర్వాత చేతులకు పని గుర్తొచ్చిందని ఉదయశ్రీ చెప్పింది. గంటన్నర చెప్పారు. కనకయ్య కూడా పిల్లల మధ్య నిలబడి విన్నాడు. రిజిస్టరులో, "ప్రిన్సిపాల్ సలహా పాటించిరి. వ్యవధి తొంభై నిమిషాలు" అని రాశాను.

సంగతి తెలిసిన మరుసటి గురువారం విఠల్ గారు నిబంధనల పుస్తకం అడిగి తీసుకున్నారు. సలహా సమావేశం "అనువైన వాతావరణంలో" ఎక్కడైనా జరపవచ్చని అందులో ఉంది. ఆయన ఎడమ మూత్రపిండాన్ని మొత్తం ఓపీకి తోలుకుపోయారు. అన్ని సోమవారాలూ తిరుగుతూనే ఉన్న ఆ ముసలమ్మ మణికట్టు పట్టుకుని, ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో పిల్లల చేతే చెప్పించి, కట్టు వేయించారు. రెండు వారాల్లో ప్రొఫెసర్లందరికీ ఇదే అలవాటైంది. వార్డుల్లో సలహాలు, ల్యాబులో సలహాలు. సువర్చల గారు కూడా ఒక రోజు హృదయ సముదాయాన్ని పక్క కాలనీకి తీసుకెళ్లి, మురిక్కాలువ పక్కన చతికిలబడి దోమ పిల్లలను దోసిట్లోకి ఎత్తి చూపించారు. చీర అంచు తడిసి వచ్చారు. ఆమె ముఖం అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. నివేదికలో, "పరిసరాలతో ఆత్మీయత" అని రాసుకున్నారు.

రెండో ఇంటర్నల్లో ఉదయశ్రీకి అరవై మూడు వచ్చాయి. ఆ కాగితం ముందు కనకయ్యకు చూపించి, తర్వాత నాన్నకు ఫోను చేసింది.

ఫిబ్రవరిలో పైనుంచి ముగ్గురు సభ్యుల తనిఖీ బృందం వచ్చింది. రికార్డులన్నీ బల్ల మీద పరిచాను. ఛైర్మన్ గారు నెత్తి నెరిసిన వైద్యులు. పేజీలు తిప్పి, వెనక్కి తిప్పి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నవంబరు నుంచి ఈ కళాశాలలో పద్నాలుగు వందల గంటల సలహాలు నమోదయ్యాయి. బోధన మాత్రం ఒక్క గంట కూడా లేదు."

నిజమే. ఎవరూ బోధన అని రాయలేదు. రాస్తే సలహా గంటలు తగ్గుతాయి. బోధన గంటలు లేని కళాశాలకు గుర్తింపు ఉండదు. గుర్తింపు పోతే నూట యాభై మంది ఏమవుతారో అక్కడున్న అందరికీ తెలుసు. ఛైర్మన్ గారు హాజరు పట్టీ మీద కళ్లు మూసుకుని వేలు పెట్టారు. ఆ పేరు పిలిచి తీసుకురమ్మన్నారు. వచ్చింది ఉదయశ్రీ.

"భయపడకమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ నాలుగు నెలల్లో నీకు ఎవరైనా పాఠం చెప్పారా?"

ఉదయశ్రీ బల్ల మీది రిజిస్టర్ల వైపు, ప్రిన్సిపాల్ గారి వైపు చూసింది.

"లేదు సార్. సలహాలిచ్చిన్రు."

"ఏం సలహాలు?"

"ముఖానికి పోయే నరం చెవి ఎనక ఎముకల నుంచి బయటికొచ్చి, చెంప కాడ లాలాజల గ్రంథిల ఐదు కొమ్మలుగ చీలుతదని సలహా ఇచ్చిన్రు సార్. ఆ గ్రంథికి ఆపరేషన్ చేసేటప్పుడు అండ్ల ఒక్క కొమ్మ తెగినా మనిషి మూతి వంకర పోతదని, మళ్ల ఈ జన్మల సక్కగ నవ్వలేడని, అందుకని కత్తి వెట్టేముందు ఐదు కొమ్మలనూ మనసుల గీసుకోవాల్నని సలహా ఇచ్చిన్రు."

ఛైర్మన్ గారి పెన్ను ఆగింది.

"ఇంకా?"

"ఇంకా శానా ఉన్నయి సార్. కూసోని చెప్పన్నా?"

గంటసేపు చెప్పింది. మధ్యలో ఆయన రెండు ప్రశ్నలు వేశారు. ఒకదానికి తెలియదని, రేపు కనుక్కుని చెప్తానని అంది.

బృందం ఉత్తర్వు నెల తర్వాత వచ్చింది. ఈ కళాశాలలో సలహాలు అత్యుత్తమంగా ఉన్నాయని, వాటిని మరింత పటిష్ఠం చేయాలని అందులో రాశారు. ఇకమీదట సలహాలను సోమవారం నుంచి శనివారం వరకు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు, విభాగాల వారీగా, విద్యార్థులను వరుసగా కూర్చోబెట్టి, నల్లబల్ల సహాయంతో ఇవ్వాలని, మధ్యాహ్నాలు డిసెక్షన్ హాల్లో, వార్డుల్లో ఇవ్వాలని సిఫారసు చేశారు.

నేను బీరువాలోంచి నిరుటి టైంటేబులు తీశాను. పైన 'తరగతులు' అని ఉన్న చోట 'సలహాలు' అని మార్చి, నోటీసు బోర్డుకు అంటించి వచ్చాను.